మా బైబిలమ్మ రాసిన పేర్లు

మంగళవారం పొద్దున రెండో గంట కొట్టాక, అయిదో తరగతికి భిన్నాలు చెబుతుండగా కబురు వచ్చింది. బైబిలమ్మ పోయింది. చెప్పడానికి వచ్చినవాడు బర్మా పాకల్లో ఉండే ఒక ముసలాయన. బడి గుమ్మం బయటే నిలబడి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకొని, "అమ్మ ఎలిపోనాది బాబూ" అన్నాడు. నేను ఏదో అడిగేలోపే వెనక్కి తిరిగి సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయాడు. నేను బల్లపలక మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేశాను. పిల్లలు అది తప్పని చెప్పారు. మళ్ళీ చేశాను.

బుధవారం సమాధి అయ్యాక పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, మన సంఘ పత్రికకు పది వాక్యాలు రాసివ్వమన్నారు. ఎలా రాయాలో కూడా చెప్పారు. "ప్రభువునందు నిద్రించిన మన ప్రియ సేవకురాలు బైబిలమ్మ గారు" అని మొదలు పెట్టాలట. ముప్పై ఏళ్ళు మా కావలి వీధుల్లో ఎండనపడి తిరిగినప్పుడు ఆమె పేరుకు ఎవరూ గారు తగిలించలేదు. పెట్టె మీద మన్ను పడిన గంటకు వచ్చి తగులుకుంది. పాత సంగతులు మాత్రం వద్దన్నారు ఆయన. పాత సంగతులు తీసేస్తే ఆమె గురించి చెప్పడానికి ఏం మిగులుతుందో నాకు తెలియలేదు. ఆ పది వాక్యాలు రాయలేక ఇది రాస్తున్నాను. ఇది మా పత్రికలో రాదు.

మా క్రైస్తవుల సంగతి తెలియని వారి కోసం ఒక మాట. బైబిలమ్మ అనేది ఆమె పేరు కాదు, మిషను వాళ్ళిచ్చిన పని. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళ దగ్గర కూర్చొని వాక్యం చదివి వినిపించాలి, జబ్బు పడిన వాళ్ళ దగ్గర ప్రార్థన చేయాలి. ఆమె బుచ్చిరెడ్డిపాలెం వైపు మాగాణుల్లో నాట్లు వేస్తూ పెరిగిన మనిషి. మొగుడు పోయాక మిషను బడిలో, పెద్దవాళ్ళ తరగతిలో, ఓనమాలు నేర్చుకుంది. చదవడం బాగానే వచ్చింది. రాయడం మాత్రం ఒక్కో అక్షరాన్ని బావిలోంచి తోడినట్టుండేది. ఊదారంగు పెన్సిలు నాలుక మీద తడిచేసి, ఇంత పొడుగు అక్షరాలు, తలకట్లు పక్క వరుసలోకి దూసుకుపోయేట్టు రాసేది.

సంచిలో బైబిలుతోపాటు ఒక పేల దువ్వెన ఉండేది. ఏ ఇంటికి వెళ్ళినా ముందు దువ్వెన తీసేది, తర్వాతే బైబిలు. ఆ ఇంట్లో పిల్లల్ని ఒక్కొక్కరినే మోకాళ్ళ మధ్య ఇరికించుకొని తల చూస్తూ, చూస్తూనే ఒక వాక్యం వాళ్ళ నోట పలికించేది. "పేలు గుట్టే తలకాయలో వాక్యం నిలవదు రా" అనేది. నా తలా ఆమె మోకాళ్ళ మధ్య ఇరుక్కున్నదే. నేను పెద్దవాడినై, మిషను బడిలో అయివారినై, సంఘానికి కార్యదర్శినై, కళ్ళజోడు పెట్టుకున్నాక కూడా ఆమె నన్ను చూసినప్పుడల్లా ముందు నా తల వైపే చూసేది. అయ్యోరా అని పిలిచేది, నువ్వు అనేది. రెండూ ఒక్క నోట్లో ఇమిడేవి.

ఇక ఆ పాత సంగతులు.

బర్మాలో మనవాళ్ళ అంగళ్ళన్నీ అక్కడి ప్రభుత్వం తీసేసుకున్న ఏడాది అది. ఓడల మీద మద్రాసు రేవుకు వచ్చిన వాళ్ళలో కొందరిని రైలెక్కించి మా కావలి స్టేషన్లో దించారు. పేపర్లు వాళ్ళను కాందిశీకులన్నాయి. మా ఊరు బర్మావాళ్ళంది. వాళ్ళ తాతలెప్పుడో విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళిన వాళ్ళు. అక్కడ పుట్టి అక్కడే పెరిగిన వాళ్ళు, మీ దేశం వచ్చింది దిగండి అంటే, ఏ దేశమో తెలియక ప్లాట్‌ఫారం మీదే కూర్చుండిపోయారు. రేవులో ఒంటి మీది బంగారమంతా ఒలిచి పంపారట. ఆడవాళ్ళ చెవుల్లో కమ్మలకు బదులు చీపురుపుల్ల ముక్కలున్నాయి. ఊరికీ సముద్రానికీ మధ్య, కాలవకు అవతలి ఇసుక దిబ్బల మీద, సరుగుడు తోపు పక్కన తాటాకు పాకలు వేసి వాళ్ళను అందులో పెట్టారు.

మా సంఘంలో మేమింకా ఏం చేయాలో తీర్మానిస్తుండగానే బైబిలమ్మ గొడుగేసుకొని కాలవ దాటి వెళ్ళిపోయింది. నెల రోజులు రోజూ వెళ్ళింది. ఆ నెలంతా బైబిలు సంచిలోంచి బయటికి రాలేదు. వాక్యం మొదలు పెట్టావా అని పాస్టరు గారు అడిగితే, ఇంకా తలలు దువ్వడం కాలేదయ్యా అని చెప్పింది. ఆయన నవ్వారు. మేమూ నవ్వాం. అప్పటికి అది నవ్వుకునే సంగతే.

తర్వాత మిషను బంగళాకు సాయం దిగడం మొదలైంది. పెద్ద పెద్ద మూటల్లో ఉన్ని కోట్లు వచ్చాయి. నెల్లూరు జిల్లాలో, వైశాఖ మాసంలో, ఉన్ని కోట్లు! పాకల ముందు ఒక ముసలాయన తెల్లదొరసానులు పెట్టుకునే ఉన్ని టోపీ పెట్టుకొని గొర్రెలా చెమటోడుతూ కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. వాటి వెనక పనికొచ్చేది ఒకటి వచ్చింది. అట్టడ్రమ్ములకొద్దీ పాలపొడి.

పాకల్లో పిల్లలు చాలామంది. వాళ్ళలో ఇద్దరు, బర్మా కోడలని అందరూ పిలిచే ఆ మనిషి బిడ్డలు. ఆమె నిజంగా బర్మా పిల్లే, బుద్ధుణ్ణి మొక్కే మనిషి. మనవాణ్ణి కట్టుకున్న పాపానికి అతని వెంట వచ్చింది. అతను మద్రాసులో పని వెతుక్కుంటానని వెళ్ళి తిరిగి రాలేదు. రెండేళ్ళ ఆడపిల్ల, చంకలో ఇంకొకటి. ఒంట్లో పాలింకిపోయి, చంకలోది ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతుండేది. బైబిలమ్మ పొద్దున్నే వెళ్ళి నీళ్ళు కాచి, పాలపొడి కలిపి, ముందు ఆ ఇద్దరికి పట్టి తర్వాత మిగతా పిల్లలకు పోసేది. పదిహేను రోజుల్లో ఆ చంటిది గట్టిగా ఏడవడం మొదలు పెట్టింది. ఆ ఏడుపు విని వచ్చి మా ఇంట్లో సంబరంగా చెప్పింది.

అప్పుడు కూర్చుంది మా సంఘ కమిటీ. పాస్టరు గారు, నలుగురు పెద్దలు, నేను. ఇది ప్రభువు తెరిచిన తలుపు అన్నారు పాస్టరు గారు. ఆయన చెడ్డవాడు కాడు, ఆ మాట రాయకపోతే నేను అబద్ధమాడినట్టు. పెద్ద మిషను నుంచి వచ్చే ప్రతి ఉత్తరంలో, ఎందరు నమ్ముకున్నారు, ఎందరు సిద్ధపడుతున్నారు అనే అడిగేవారు. ఆయనకు పైన కూడా పాస్టర్లున్నారు. ఇనుప సామాను అంగడి ఉన్న పెద్ద ఒకాయన, ఊరికే పోస్తే విలువుండదు అన్నాడు. చివరికి తేలింది ఇది. పాలపొడి ఇకనుంచి బాప్తిస్మం పాఠాలకు పేరిచ్చిన కుటుంబాలకే. పేర్లు రాసుకొచ్చే పని బైబిలమ్మది.

గుమ్మం దగ్గర నేల మీద కూర్చొని అంతా విన్నది ఆమె. ఒక్క మాటే అడిగింది.

"పేరియ్యనోళ్ళ బిడ్డలకి ఏం పొయ్యాలయ్యా?"

నెమ్మదిగా వాళ్ళూ వస్తారమ్మా అన్నారు పాస్టరు గారు. ఆమె లేచి గొడుగు తీసుకొని వెళ్ళిపోయింది. మూడో రోజు జాబితా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఊదా పెన్సిలుతో, ఆ పొడుగు అక్షరాల్లో, పాకలన్నిటిలోని కుటుంబాలన్నీ. ఒక్కటి తప్పకుండా.

పాస్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు. ఇనుప అంగడాయన మోకాళ్ళూని ప్రార్థన ఎత్తుకున్నాడు. పై వాళ్ళకు పంపడానికి ఆ జాబితాను తిరగరాయడం నా వంతు. ఇంటికి తీసుకెళ్ళి, కొత్త కాగితం మీద గీతలు గీసుకొని మొదలు పెట్టాను. సగానికి వచ్చేసరికి నా కలం ఆగింది. ఓడలో పోయిన ఒక తాత పేరు అందులో ఉంది. దారిలోనే ఆయన్ను సముద్రంలో వదిలేశారని ఆయన ముసలిది మా అందరికీ ఏడుస్తూ చెప్పింది. ఇంకో నాలుగు పేర్ల కింద నామాలాయన. రోజూ సాయంత్రం పాకల మధ్య కూర్చొని రాముడి భజన చేయించేది ఆయనే. ఆ తర్వాత బర్మా కోడలు. ఆమెకు అప్పటికి తెలుగులో పాలు, నీళ్ళు, బిడ్డ అనే మూడు మాటలు తప్ప రావు.

నాకు అంతా అర్థమైంది. ఈ పేర్లెవరూ ఇవ్వలేదు. ఈమే రాసింది.

అర్థమయ్యాక నేనేం చేశానో రాస్తాను. కలం ముంచి, తాత పేరు కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పాస్టరు గారు అంత సంతోషంగా ఉన్నప్పుడు, మీ జాబితాలో చచ్చినవాడున్నాడండీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎవరికైనా సంతోషం చెడగొట్టాలంటే నాకు భయం. జీవితమంతా ఆ భయాన్నే మంచితనం అనుకొని బతికాను. పిల్లల పాల గురించి ఆ పూట నేను ఆలోచించను కూడా ఆలోచించలేదు.

నాలుగు నెలలు పాలు అందరికీ అందాయి. ఆమె అందరికీ ఏదో కొంత వాక్యమూ చెప్పింది, దువ్వెనతో పాటు. వినేవాళ్ళు విన్నారు. అప్పుడు పై నుంచి ఉత్తరం వచ్చింది. ఇంతమందికి ఒకేసారి బాప్తిస్మం అంటే మిషను చరిత్రలో విశేషమని, దొర స్వయంగా వస్తున్నాడని, ఇంకో దేశం నుంచి వచ్చిన పెద్దలు ఫోటోలు తీసుకుంటారని.

మా సంఘంలో బాప్తిస్మమంటే మనిషిని నిలువునా నీళ్ళలో ముంచి లేపడం. ఆ ఆదివారం కాలవ గట్టున పందిరి వేశారు. తడిగుడ్డలు మార్చుకోవడానికి డేరా, పక్కన కుప్పగా తెల్లబట్టలు, హార్మోనియం, కుర్చీల్లో దొరలు. పాస్టరు గారు తెల్ల అంగీతో నడుము లోతు నీళ్ళలో దిగి నిలబడ్డారు. అవతలి గట్టు నుంచి బర్మావాళ్ళు అందరూ వచ్చారు. చేతుల్లో డబ్బాలు, చెంబులు, కొబ్బరిచిప్పలు, సత్తు గిన్నెలు. ఆదివారం, పెద్దవాళ్ళు వచ్చారు, పాలు దండిగా పోస్తారని ఎవరో అనుకున్నారు, అందరూ నమ్మారు. నేను జాబితా తెరిచి మొదటి పేరు పిలిచాను. ఒక ముసలాయన డబ్బా పట్టుకొని నీళ్ళ అంచుదాకా వచ్చాడు. కాలవను చూశాడు, అందులో నిలబడ్డ పాస్టరు గారిని చూశాడు.

"పాలు ఈ నీళ్ళలోనే కలుపుతారేటి బాబూ?" అన్నాడు ఎంతో మర్యాదగా.

హార్మోనియం ఆగిపోయింది. ఏమంటున్నాడని దొర అడిగాడు. ఎవరూ తర్జుమా చేయలేదు. ముసలాయన డబ్బా చాపి అలాగే నిలబడ్డాడు. ఆడవాళ్ళలోంచి బైబిలమ్మ లేచి, గొడుగు కింద పెట్టి, గట్టు దిగి ముందుకొచ్చింది.

"నేనే రాసినానయ్యా పేర్లు. వాళ్ళని అడగలా. వాళ్ళ తప్పేమీ లేదు."

నీళ్ళలో ఉన్న పాస్టరు గారి ముఖం ఈ రోజుకీ నా కళ్ళ ముందుంది. ఆయనకు కోపం రాలేదు మొదట. చిన్నపిల్లవాడి చేతిలో తాయిలం లాక్కుంటే ఎలా చూస్తాడో అలా చూశారు. కోపం ఇంటికి వెళ్ళి బట్టలు మార్చుకున్నాక వచ్చింది.

ఆ వారంలోనే సంఘం కూడింది. మాకు నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, చిన్న గిన్నెలో ద్రాక్షరసం. క్రైస్తవుడికి అది అమ్మ పెట్టే ముద్దలాంటిది. దాని నుంచి తప్పించడం కంటే పెద్ద శిక్ష మా దగ్గర లేదు. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టేవాళ్ళను కూడా ఆరు నెలలకు మించి తప్పించిన గుర్తు నాకు లేదు. బైబిలమ్మను, సంఘం ముందు తప్పు ఒప్పుకొనేదాకా తప్పించాలని తీర్మానమైంది. మిషను పని తీసేశారు. పాకలకు పాలపొడి ఆపేశారు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. తీర్మానం రాసింది నేను. చెయ్యి కూడా ఎత్తాను. జాబితా ఎవరైనా సరి చూశారా అని ఒకాయన అడిగాడు. ఆమె నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. నేను సిరాబుడ్డి మూత బిగిస్తూ కూర్చున్నాను.

పాలు ఆగిన మూడో వారం బర్మా కోడలి పెద్దబిడ్డ పోయింది. వాంతులు, విరేచనాలు. పాలు ఆపినందుకే పోయిందని నేను చెప్పలేను. కాదని చెప్పడానికీ నాకు ధైర్యం లేదు. బంగళా కొట్టులో డ్రమ్ములు ఆ వానాకాలమంతా తాళం వెనకే ఉన్నాయి. పొడి గడ్డకట్టి పురుగు పట్టింది. పిల్లను ఇసుక దిబ్బలో పెట్టిన రోజు మా సంఘం నుంచి బైబిలమ్మ ఒక్కతే ఉంది.

మా ఇళ్ళల్లో ఒక ఆచారముంది. బియ్యం కడిగే ముందు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన వేరే ముంతలో వేస్తారు. అది సంఘానికి. శనివారం బైబిలమ్మ వచ్చి ఇంటింటా తీసుకెళ్ళడం రివాజు. పని పోయాక కూడా ఆమె శనివారం వచ్చింది. సంఘానికని రాలేదు. గుమ్మంలో నిలబడి, పాకల బిడ్డలకమ్మా, ఇస్తే ఇయ్యి లేకుంటే పోతా, అని ఉన్నదున్నట్టు చెప్పింది. అప్పుడు బియ్యానికి ఎంత కరువో ఆ రోజులు చూసినవారికి తెలుసు. అంగడి ముందు తెల్లారకుండానే వరస కట్టేవాళ్ళం. ఆదివారం పెద్దలు పంపిన మనిషి వెళ్ళి చూస్తే, సంఘంలో సగం ఇళ్ళల్లో ముంతలు ఖాళీ. ఆ బియ్యం ఇచ్చింది, ఆమె మీద తీర్మానానికి చేతులెత్తిన వాళ్ళ పెళ్ళాలే. మా ఇంట్లో ముంతా ఖాళీయే. నా భార్య నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఏమీ అనకుండా ఊరుకోవడం వల్ల నా చేతుల మీదుగా జరిగిన మంచి పని ఆ ఒక్కటే.

ఆ బియ్యంతో సరుగుడు తోపులో మూడు రాళ్ళ మీద గంజి కాచేది. చంటిది ఆ గంజితోనే బతికింది. బర్మా కోడలు పుల్లలేరుకొచ్చేది. ఒకరి భాష ఒకరికి రాకుండానే ఇద్దరూ పొయ్యి దగ్గర ఏదో ఒకటి మాట్లాడుకునేవారు. తర్వాత్తర్వాత బైబిలమ్మ ఊళ్ళో గది ఖాళీ చేసి ఆమె పాక పక్కనే ఇంకో పాక వేసుకుంది.

ఆదివారాలు మాత్రం మానలేదు. నాలుగేళ్ళు ప్రతి ఆదివారం కాలవ దాటి వచ్చి కడపటి వరసలో కూర్చునేది. మొదటి ఆదివారం, బల్ల దగ్గరికి రండని పాస్టరు గారు అనగానే ఎవరూ చెప్పకముందే లేచి వరండాలోకి వెళ్ళిపోయేది. ఒకసారి చిరాకుపడి, ఎందుకమ్మా రావడం, ఇంట్లోనే ప్రార్థన చేసుకోరాదా అన్నాను. "అన్నం పెట్టలేదని అమ్మింటికి పోకుండా ఉంటారా అయ్యోరా" అంది.

ఏటేటా పెద్ద కూటంలో ఆమె సంగతి వచ్చేది. లేచి నిలబడేది. ఏటా అదే మాట. "అబద్ధం రాసినా. దానికి మోకాళ్ళూనతా. పాలు పోసింది తప్పని మాత్రం నా నోట రాదు." రెండూ కలిపి ఒప్పుకుంటేనే ఒప్పుకున్నట్టని పెద్దలు. నేను పుస్తకంలో "పశ్చాత్తాపము అసంపూర్ణము" అని రాసేవాణ్ణి. మొదటి ఏడు ఆలోచించి రాసిన మాట అది. తర్వాత ఏటా పాత పుట తిప్పి చూసి దించేశాను. లేచి, ఆ జాబితా నేనూ చూశాను, తెలిసే తిరగరాశాను, నన్నూ తప్పించండి అని ఒక్కసారి అంటే చాలు. ఆ మాట మీద ఆ తీర్మానాన్నే మళ్ళీ తిరగదోడేవారు. వచ్చే ఏడు అందాం అనుకునేవాణ్ణి. పిల్లలు చిన్నవాళ్ళు, మిషను బడి ఉద్యోగం. వచ్చే ఏడు, వచ్చే ఏడు.

పోయిన నెల ఆమెకు రొమ్ములో నెమ్ము చేరింది. ఆమె మంచం దగ్గరికే ప్రభువు బల్ల రొట్టె తీసుకెళ్దామని పాస్టరు గారిని అడిగాను. తీర్మానం మీ చేతి రాతేగా అన్నారు. వెటకారానికి అనలేదు ఆయన, ఉన్న సంగతే చెప్పారు.

ఆ నెల మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం అందించే వంతు నాది. ఒక ముక్క రుమాల్లో దాచాను. మధ్యాహ్నం ఎండలో కాలవ దాటి వెళ్ళాను. బర్మా కోడలు ఆమెకు వీపు నిమురుతూ ఉంది. ఇప్పుడు తెలుగు బాగానే వచ్చింది, అదీ మా నెల్లూరు తెలుగే. నన్ను చూసి లేచి బయటికి వెళ్ళింది. నేను రుమాలు విప్పి, తీర్మానం కొట్టేశారమ్మా, సంఘం నీకు బల్ల పంపించింది అన్నాను.

ఆమె మోచేతి మీద కాస్త లేచింది.

"ముందుగా ఎవురు చెయ్యెత్తినారు?"

నేను రుమాలు కొసలు సర్దుతూ కూర్చున్నాను. ఆమె నవ్వింది, నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గాక, మెల్లగా, ఆగి ఆగి చెప్పింది.

"అబద్ధమాడే పని నీది గాదులే అయ్యోరా. తీసకపో. సంఘం పెడితే తింటా."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలుసు. ఆ చచ్చిపోయిన తాత పేరు నువ్వు చూసినావు. చూసి గూడా రాసినావు. బిడ్డల పాల కోసరం అయ్యోరు గూడా నాతో కలిసినాడని ఆ పొద్దు ఎంత సంబరపడినానో. అందుకే కూటంలో నీ పేరు ఎత్తలా. బిడ్డలు గలోడివి."

నాలుగేళ్ళు ఆమె ఆ నమ్మకంతో వరండాలోకి లేచి వెళ్ళింది. నేను బిడ్డల కోసం రాయలేదమ్మా, భయపడి రాశాను, అని చెప్పాలి. ఆ క్షణం కంటే మంచి సమయం మళ్ళీ రాదని నాకు తెలుసు. ఆమె ముఖం సంతోషంగా ఉంది. నేను మళ్ళీ చెప్పలేకపోయాను. రుమాలు మడిచి జేబులో పెట్టుకొని వచ్చేశాను. ఆ ముక్కను ఏం చేయాలో తెలియక కాలవ దాటేటప్పుడు నేనే తినబోయాను. నోట్లోకి పోలేదు. నీళ్ళలో వదిలేశాను. ఆ మంగళవారమే ఆమె పోయింది.

మొన్న మొదటి ఆదివారం. బల్ల దగ్గరికి రండని పాస్టరు గారు పిలిచారు. సంఘం పాట ఎత్తుకుంది. నేను నా చోటు నుంచి లేచి నిలబడ్డాను. అన్నీ చెబుదామనే లేచాను. ఓడలో పోయిన తాత పేరు దగ్గర మొదలుపెట్టి, జాబితా తెలిసే తిరగరాశానని, ఆమెతో పాటు నన్నూ తప్పించాల్సింది అని, చెప్పాను. గొంతు పెద్దగా రాలేదు. ముందు వరసల వాళ్ళకే వినబడి ఉంటుంది. ఇనుప అంగడాయన నన్ను కాకుండా నా వెనక గోడను చూశాడు. పాస్టరు గారు పుస్తకంలో వేలు పెట్టి, పాట రెండో చరణం అందుకోమని హార్మోనియం వైపు సైగ చేశారు. నా భార్య ఒక్కతే తలెత్తి నా వైపు చూసింది. మధ్య దారిన నడిచి నేను వరండాలోకి వచ్చేశాను.

అక్కడి నుంచి బల్ల కనబడదు. నాలుగేళ్ళలో ఆ సంగతి నాకు తెలియలేదు. తలుపు రెక్క అడ్డం వస్తుంది. పాట వినబడుతుంది, తర్వాత గిన్నెలు పళ్ళెంలో పెట్టే చప్పుడు. గోడకు పోయిన క్రిస్మసుకు వేసిన సున్నం ఇంకా తెల్లగానే ఉంది. గుమ్మానికి ఎడమ పక్క, కింద కూర్చుంటే ఆమె తల ఆనేచోట, అరచేతంత ఆముదం మరక. దాని కింద సున్నం అరిగి లోపలి ఇటుక కనబడుతోంది. నేను అక్కడే కూర్చుని వెనక్కి ఆనుకున్నాను. నా తల ఆ మరకకు జానెడు పైన తగిలింది.